ల్యాబ్‌లో పెడితే గోధుమ రొట్టేగా వస్తుంది, మరి సత్ప్రసాదం "నిజంగా" క్రీస్తు శరీరం ఎలా అవుతుంది?

మీ ప్రశ్న ఇది కదండీ, ఫ్రెండ్‌తో కలిసి కాథలిక్ చర్చిలో పూజకి (మాస్‌కి) వెళ్లారు, గురువుగారు (ప్రీస్ట్) ఒక చిన్న తెల్లటి అప్పం, అంటే సత్ప్రసాదంగా పంచే గోధుమ రొట్టె, పైకెత్తగానే అందరూ మోకరించి దండం పెట్టారు, మీరు ప్రొటెస్టెంట్ కుటుంబంలో పెరిగారు కాబట్టి అది మీకు మింగుడుపడలేదు. దాన్ని ల్యాబ్‌లో టెస్ట్ చేస్తే రొట్టే కదా, "గుర్తు" అనుకుంటే సరిపోయేదానికి నిజంగా ఆయన శరీరమే అని ఎందుకు పట్టుబడతారు, అసలు ఇది 1215లో చర్చి కొత్తగా పెట్టిన సిద్ధాంతం కాదా అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా జ్ఞానస్నానానికి సిద్ధమయ్యే పెద్దవాళ్లకి సత్యోపదేశం (చర్చి విశ్వాసం గురించిన పాఠాలు) చెప్తున్నాను, దాదాపు ప్రతి బ్యాచ్‌లో ఈ ప్రశ్న వస్తుంది, రావాలి కూడా, రాలేదంటే నేను చెప్పింది వాళ్లు సరిగ్గా వినలేదని అనుకుంటాను.

ముందు ల్యాబ్ సంగతి తేల్చేద్దాం. అవును, రొట్టే వస్తుంది. పిండిపదార్థం, గ్లూటెన్ అన్నీ అలాగే ఉంటాయి, ద్రాక్షారసంలో ఆల్కహాల్ అలాగే ఉంటుంది. ఇది ఎవరో సైంటిస్టు వచ్చి చర్చిని పట్టేసిన విషయం కాదు, చర్చి రూల్సే దీని మీద నడుస్తున్నాయి. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లని చూడండి, గ్లూటెన్ కొంచెం తగిలినా పేగులు దెబ్బతింటాయి వాళ్లకి. సత్ప్రసాదం అయిపోయింది కాబట్టి ఇంక ఏం కాదులే తీసుకోండి అని చర్చి వాళ్లకి చెప్పదు. గ్లూటెన్ బాగా తగ్గించిన అప్పం వాడొచ్చు అంటుంది, కానీ గ్లూటెన్ అస్సలు లేనిది చెల్లదు అంటుంది, ఎందుకంటే అది గోధుమ రొట్టె అయి ఉండాలి, 2017లో రోమ్ నుంచి బిషప్పులకి వెళ్లిన లేఖలో మళ్లీ ఇదే గుర్తు చేశారు. అది కూడా పడనివాళ్లు పానపాత్ర నుంచి ద్రాక్షారసం రూపంలో మాత్రమే తీసుకుంటారు. అలాగే ఆల్కహాల్ ముట్టుకోకూడని గురువులకి పులియడం మొదట్లోనే ఆపేసిన ద్రాక్షరసం వాడుకోవడానికి బిషప్ అనుమతి ఇస్తారు. రుచి, బరువు, కెమిస్ట్రీ, ఒంట్లో పనిచేసే తీరు ఏదీ మారదని చర్చికి బాగా తెలుసు, ఇవి మారతాయని కాథలిక్ చర్చి ఎప్పుడూ బోధించలేదు.

మరి మారేది ఏంటి? ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. పునీత థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలో దీన్ని వివరించిన పద్ధతి ఇప్పటికీ అందరికన్నా స్పష్టంగా ఉంటుంది. ఏ వస్తువు గురించైనా రెండు సంగతులు వేరుచేసి అడగొచ్చు, ఒకటి అది ఎలా ఉంది (రంగు, రుచి, ఆకారం, సైజు, కొలిచి చూడగలిగేవన్నీ), రెండోది అసలు అది ఏంటి. మామూలుగా ఈ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి మనం విడదీసి ఆలోచించం. మీ పసితనపు ఫోటో తీసి చూసుకోండి, ఎత్తు, బరువు, మొహం, గొంతు అన్నీ మారిపోయాయి, అయినా ఆ ఫోటోలో ఉన్నది మీరే, కొలవగలిగినవన్నీ మారినా ఆ మనిషి మాత్రం మారలేదు. సత్ప్రసాదంలో దీనికి తిరగేసి జరుగుతుంది, కనపడేవి, కొలిచేవి అన్నీ అలాగే ఉంటాయి, "అసలు అది ఏంటి" అన్నది మారుతుంది. మొదటిది ప్రకృతిలో రోజూ జరిగేదే, రెండోది ప్రకృతిలో ఎక్కడా జరగదు, దేవుడు చేస్తేనే జరుగుతుంది, ఈ తేడాని అక్వినాస్ దాచలేదు. దీనికే ట్రాన్స్‌సబ్‌స్టాన్షియేషన్ అని పేరు. 1551లో ట్రెంట్ మహాసభ (కాథలిక్ బిషప్పుల సభ) చెప్పిన మాట ఏంటంటే రొట్టె ద్రాక్షారసాల రూపాల కింద క్రీస్తు "నిజంగా, వాస్తవంగా, సారరీత్యా" ఉన్నాడు అని.

ఇక్కడ చాలామంది, కాథలిక్కులు కూడా, ఒకచోట తడబడతారు. ఈ "సారం" అనేది అణువుల కింద ఎక్కడో దాక్కున్న ఇంకా సన్నని పొర లాంటిది అనుకుంటారు, రేపు ఇంకా పవర్‌ఫుల్ మైక్రోస్కోప్ వస్తే కనపడుతుందేమో అన్నట్టు. కాదండి. మైక్రోస్కోప్‌కి దొరికేది ఏదైనా అది "ఎలా ఉంది" అనే లెక్కలోకే వస్తుంది, ఎంత లోతుకి వెళ్లినా అంతే. అందుకే ల్యాబ్ రిపోర్ట్ ఈ విశ్వాసాన్ని కొట్టేయలేదు, నిరూపించనూ లేదు. ఇది తప్పించుకోవడానికి చెప్పే మాటలా ఉందని మీకు అనిపించొచ్చు, కానీ ఆలోచించండి, యేసు గలిలయలో తిరుగుతున్నప్పుడు ఆయన రక్తం టెస్ట్ చేసి ఉంటే మనిషి రక్తమనే వచ్చేది, ఆయన దేవుని కుమారుడని ఏ రిపోర్టులో రాదు. మీరు దాన్ని నమ్ముతున్నారు కదా, మరి ఏ టెస్టు మీద ఆధారపడి నమ్మారు?

ఇంకో సందేహం, మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది, ఇది మనిషి మాంసం తినడం కాదా అని. రోమ్ సామ్రాజ్యంలో అన్యులు 2వ శతాబ్దంలోనే క్రైస్తవుల మీద ఈ నింద వేశారు. దానికి జవాబు, అక్కడ ఉన్నది చనిపోయిన శరీరం నుంచి కోసిన ముక్క కాదు, చనిపోయి లేచి ఇంక ఎప్పటికీ చావని సజీవ క్రీస్తు. అప్పాన్ని విరిస్తే ఆయన విరగడు, రూపం మాత్రమే విరుగుతుంది, ప్రతి ముక్కలోనూ ఆయన పూర్తిగా ఉంటాడు. వెయ్యిమంది తీసుకున్నా ఆయన తగ్గిపోడు, మనం నమిలితే ఆయనకి నొప్పి కలగదు. రొట్టె రూపంలో శరీరం మాత్రమే, రసం రూపంలో రక్తం మాత్రమే అని కూడా కాదు, లేచిన క్రీస్తులో శరీరం, రక్తం, ఆత్మ, దైవత్వం విడివిడిగా ఉండవు కాబట్టి ఏ ఒక్క రూపంలో తీసుకున్నా ఆయన్ని మొత్తంగా తీసుకున్నట్టే. పైన చెప్పిన సీలియాక్ ఉన్నవాళ్లు పానపాత్ర నుంచి మాత్రమే తీసుకున్నా ఏమీ తక్కువ కాలేదు అనడానికి ఇదే కారణం.

సరే, ఇదంతా "ఎలా" అన్నదానికి. కానీ ఫిలాసఫీ చదివి ఎవరూ దీన్ని నమ్మలేదు, నేనూ నమ్మలేదు. నమ్మేది ఆయన మాట మీద. కడరా భోజనం రాత్రి ఆయన రొట్టె పట్టుకుని "ఇది నా శరీరము" అన్నాడు, అంతే. మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు, పౌలు కొరింతీయులకి రాసిన మొదటి లేఖలోనూ ఉంది, ఆ లేఖ 50ల మధ్యలో రాసింది, అంటే ఆ రాత్రికి పాతికేళ్లు కూడా దాటలేదు. ఆ లేఖ 11వ అధ్యాయంలో పౌలు ఏమంటాడో గమనించండి, అయోగ్యంగా ఆ రొట్టె తిని ఆ పాత్రలోది తాగినవాడు ప్రభువు శరీరం విషయంలో, రక్తం విషయంలో దోషి అవుతాడు అంటాడు. ఉత్త గుర్తు మాత్రమే అయితే ఇంత పెద్ద మాట ఎందుకు?

మీకు "గుర్తు అంటే సరిపోదా" అనిపిస్తే యోహాను 6వ అధ్యాయం దగ్గర ఆగాల్సిందే. అయిదువేల మందికి రొట్టెలు పంచిన మర్నాడు, కపెర్నాములో, ప్రార్థనా మందిరంలో మాట్లాడుతూ నేనిచ్చే ఆహారం నా శరీరమే అన్నాడు. వింటున్నది యూదులు, రక్తం తినకూడదని లేవీయకాండంలో గట్టిగా ఉన్న జనం. ఇతను తన శరీరాన్ని మనకి తినడానికి ఎలా ఇస్తాడు అని వాళ్లలో వాళ్లు గొడవపడ్డారు. మామూలుగా వాళ్లు అపార్థం చేసుకుంటే ఆయన గానీ, సువార్త రాసినాయన గానీ సరిచేస్తారు, లాజరు నిద్రపోయాడు అంటే శిష్యులు మామూలు నిద్రే అనుకున్నారు, వెంటనే లాజరు చనిపోయాడు అని విప్పి చెప్పాడు. ఇక్కడ మాత్రం వెనక్కి తగ్గలేదు, నా శరీరం తిని నా రక్తం తాగకపోతే మీలో జీవం ఉండదు అని ఇంకా గట్టిగా అన్నాడు. ఈ మాటలు కఠినంగా ఉన్నాయి, ఎవరు వినగలరు అని శిష్యుల్లోనే చాలామంది గొణుక్కున్నారు, 66వ వచనంలో వాళ్లు వెళ్లిపోయారు. ఆగండయ్యా నేను ఉపమానంగా అన్నాను అని పిలవొచ్చు కదా, పిలవలేదు. పన్నెండుమంది వైపు తిరిగి మీరూ వెళ్లిపోతారా అని అడిగాడు. పేతురు నాకు అర్థమైంది ప్రభూ అనలేదు, ఎవరి దగ్గరికి వెళ్తాం, నిత్యజీవపు మాటలు నీ దగ్గరే ఉన్నాయి అన్నాడు. సత్ప్రసాదం ముందు నా విశ్వాసం కూడా సరిగ్గా అక్కడే నిలబడి ఉంది, పేతురు కన్నా ఎక్కువ అర్థమైందని నేను చెప్పుకోలేను.

నేనే తలుపు, నేనే ద్రాక్షతీగ అని కూడా అన్నాడు కదా, అదీ నిజంగా తలుపేనా అని అడుగుతారు. ఆ మాటలకి ఇది ఎలా సాధ్యం అని ఎవరూ తల పట్టుకోలేదు, ఆయన్ని వదిలేసి వెళ్లిపోలేదు, అక్కడ పోలిక అని విన్నవాళ్లకి తెలుసు. ఇంక 63వ వచనం, జీవమిచ్చేది ఆత్మ, శరీరం వల్ల ప్రయోజనం లేదు అన్నది, దాన్ని పట్టుకుని మొత్తం ఆధ్యాత్మికంగా అన్నాడు అంటారు. కానీ అక్కడ "నా శరీరం" అనలేదు. ఆయన శరీరం వల్ల ప్రయోజనం లేకపోతే సిలువ మీద ఇచ్చింది దేన్ని? మనిషి మామూలు బుద్ధితో చూస్తే ఇది తలకెక్కదు, దేవుని ఆత్మే చూపించాలి అని కాథలిక్కులు దాన్ని చదువుతారు. పైగా ఆ మాట అన్న తర్వాతే జనం వెళ్లిపోయారు, అది "అంతా ఉపమానమే" అనే వివరణ అయితే వెళ్లాల్సిన పనే లేదు.

1215 సంగతి. ఆ ఏడాది నాలుగో లాటరన్ మహాసభ ఈ మార్పుకి ట్రాన్స్‌సబ్‌స్టాన్షియేషన్ అనే పదం వాడింది, అంతవరకే నిజం. నమ్మకం దానికన్నా వెయ్యేళ్లు పైబడి పాతది. అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్‌ని సింహాలకి వేయడానికి రోమ్ తీసుకెళ్తున్నప్పుడు, 2వ శతాబ్దం మొదట్లో, దారిలో స్ముర్నా సంఘానికి రాసిన లేఖలో కొందరి గురించి హెచ్చరిస్తాడు, సత్ప్రసాదం మన రక్షకుడైన యేసుక్రీస్తు శరీరమని ఒప్పుకోరు కాబట్టి వాళ్లు దానికి దూరంగా ఉంటున్నారు అని. 155 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రోమ్ చక్రవర్తికి క్రైస్తవుల ఆరాధన వివరిస్తూ, మేము దీన్ని మామూలు రొట్టెలా మామూలు పానీయంలా తీసుకోం అని రాశాడు, బయటివాళ్లు నింద వేస్తున్న కాలంలో "అబ్బే అది ఉత్త గుర్తే" అని రాసేసుకుంటే ఎంత తేలికయ్యేది, రాయలేదు. 4వ శతాబ్దంలో యెరూషలేము బిషప్ సిరిల్ పేరున ఉన్న ఉపదేశాల్లో కొత్తగా జ్ఞానస్నానం పొందినవాళ్లకి చెయ్యి ఎలా పట్టాలో కూడా ఉంది, ఎడమచేతిని కుడిచేతికి సింహాసనంలా పెట్టి రాజుని అందుకోమంటాడు, ఒక్క రేణువు కూడా కింద పడనివ్వొద్దంటాడు.

దీనికన్నా నాకు బలంగా అనిపించే ఆధారం ఇంకోటుంది. 431 ఎఫెసు మహాసభ తర్వాత ఒక తూర్పు చర్చి విడిపోయింది, 451 కాల్సెడాన్ తర్వాత ఈజిప్టు కాప్టిక్ వాళ్లు, సిరియా వాళ్లు, ఆర్మేనియా వాళ్లు విడిపోయారు, ఆ తర్వాత శతాబ్దాల్లో గ్రీకు ఆర్థడాక్స్ వాళ్లు రోమ్‌కి దూరమయ్యారు. వీళ్లెవరికీ లాటరన్ సభతో సంబంధం లేదు, రోమ్ చెప్తే వినేవాళ్లూ కాదు. అయినా అందరూ సత్ప్రసాదాన్ని నిజంగా క్రీస్తు శరీరరక్తాలనే పూజిస్తారు, చాలామంది మన ఫిలాసఫీ పదాలు వాడకపోయినా. 1215లో కనిపెట్టింది అయితే వాళ్లందరి దగ్గర ముందే ఎలా ఉంది?

మధ్యలో ఒక న్యాయమైన మాట చెప్పాలి. తొలి చర్చి పితరుల్లో కొందరు, ముఖ్యంగా పునీత అగస్టీను, గుర్తు అనే మాట కూడా వాడారు. అందులో ఇబ్బందేం లేదు, దివ్యసంస్కారం (జ్ఞానస్నానం లాంటిది) ఏదైనా గుర్తే, సత్ప్రసాదం కూడా గుర్తే. కాథలిక్కులు కాదనేది "గుర్తు మాత్రమే" అన్నదాన్ని. 1965లో 6వ పౌలు పోపుగారు దీని మీదే ఒక లేఖ రాశారు, అప్పట్లో కొందరు వేదాంతులు అప్పానికి అర్థం మారుతుంది, దాని ప్రయోజనం మారుతుంది, అంతవరకు చెప్తే చాలు అనేవారు. అర్థం మారుతుంది నిజమే, కానీ అది కొత్తదిగా మారింది కాబట్టి కొత్త అర్థం వచ్చింది అని ఆయన జవాబు. ఇంక ప్రొటెస్టెంట్లందరిదీ ఒకే మాట అనుకోకండి, 1529లో మార్బుర్గ్‌లో ప్రొటెస్టెంట్ ఉద్యమ నాయకులు లూథర్, జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చుని ఇదే విషయం మీద విడిపోయారు, లూథర్ "ఇది నా శరీరము" అని బల్ల మీద సుద్దతో రాసిపెట్టుకుని దాన్నుంచి కదల్లేదు. ట్రాన్స్‌సబ్‌స్టాన్షియేషన్ ఆయన ఒప్పుకోలేదు, ఉత్త గుర్తు అన్నదాన్నీ ఒప్పుకోలేదు.

ఇప్పుడు మీరు ఇంకోసారి పూజకి వెళ్తే ఒకటి గమనించండి. సత్ప్రసాదం పంచడం అయిపోయాక చాలామంది కళ్లు మూసుకుంటారు, కొందరు అప్పటికే బయటికి నడుస్తారు, కానీ అప్పుడు గురువుగారు పీఠం దగ్గర ఏం చేస్తున్నారో చూడండి. పళ్లాన్ని పానపాత్ర మీదకి వంచి, కంటికి సరిగ్గా కనపడని రేణువులు కూడా వేలితో మెల్లగా అందులోకి తుడుస్తారు, వేళ్లకి ఏమన్నా అంటుకుంటే దాన్నీ దులుపుతారు, అందులో నీళ్లు పోయించుకుని, పాత్ర తిప్పి, ఆ నీళ్లు తాగి, తెల్లగుడ్డతో తుడుస్తారు. అప్పం కింద పడితే తీసి భక్తితో తీసుకుంటారు, తీసుకోలేని పరిస్థితి అయితే నీళ్లలో వేసి పూర్తిగా కరిగేదాకా ఉంచి సాక్రారియంలో పోస్తారు. అది సాక్రిస్టీలో (గురువు పూజకి సిద్ధమయ్యే గదిలో) ఉండే ప్రత్యేకమైన సింక్, దాని పైపు డ్రైనేజీలో కలవదు, నేరుగా మట్టిలోకి వెళ్తుంది. కరిగేదాకా ఎందుకు ఆగుతారంటే, రొట్టె రూపం ఉన్నంతసేపు ఆయన సాన్నిధ్యం ఉంటుంది, రూపం పూర్తిగా పోయాక ఉండదు, ఇది కాథలిక్ చర్చి సత్యోపదేశ గ్రంథం 1377వ పేరాలో ఉంది. పూజ అయిపోయినా సాన్నిధ్యం అయిపోదు కాబట్టే మిగిలినవి మందసంలో (సత్ప్రసాదం భద్రపరిచే పెట్టెలో) పెడతారు, పక్కన దీపం ఆరనివ్వరు, ముందు నుంచి వెళ్తూ మోకాలు వంచుతారు. మీరు చూసిన ఆ మోకరించడం కూడా ఇందుకే. అక్కడ ఉన్నది నిజంగా ఆయనే అయితే మోకరించకపోవడం తప్పు, కాకపోతే మోకరించడం విగ్రహారాధన. మధ్యలో ఇంకో దారి లేదు, అందుకే మీకు ఇబ్బందిగా అనిపించడాన్ని నేను తప్పుపట్టను, మీరు సంగతిని సీరియస్‌గా తీసుకున్నారు.

మరి కాథలిక్కులందరూ ఇది నమ్ముతున్నారా అంటే, లేదు, దాన్ని దాచి లాభం లేదు. 2019లో అమెరికాలో ప్యూ రీసెర్చ్ సంస్థ సర్వే చేస్తే కాథలిక్కుల్లో 31 శాతం మందే నిజంగా శరీరరక్తాలుగా మారుతుందన్నారు, మిగతావాళ్లలో ఎక్కువమంది గుర్తు అన్నారు. ప్రశ్న అడిగిన తీరు మీద కొంత వాదన నడిచింది గానీ, నాకు మాత్రం అది చెప్పేవాళ్ల లోపంలాగే కనిపిస్తుంది, నాలాంటి ఉపదేశకుల లోపం. చిన్నప్పుడు మొదటి సత్ప్రసాదానికి నాలుగు ప్రశ్నలు బట్టీ పట్టించి, పెద్దయ్యాక మళ్లీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోతే ఏం మిగులుతుంది?

లాంచానో లాంటి చోట్ల అప్పం మాంసంగా కనిపించిన అద్భుతాల గురించి వీడియోలు బోలెడు తిరుగుతుంటాయి, ఎవరైనా మీకు అవే పంపించి ఇదిగో ప్రూఫ్ అనొచ్చు. వాటిని నమ్మాలని చర్చి ఎవరినీ బలవంతపెట్టదు, నేనైతే క్లాసులో వాటితో మొదలుపెట్టను, అవి లేకపోయినా ఈ విశ్వాసం ఇలాగే ఉంటుంది.

దానికి బదులు వియత్నాం ఆర్చిబిషప్ ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ తువాన్ గారి గురించి చదవండి. 1975లో అరెస్ట్ చేసి 13 ఏళ్లు నిర్బంధంలో ఉంచారు, అందులో 9 ఏళ్లు ఏకాంతంలో. కడుపునొప్పి మందు పంపండి అని కబురు పెడితే బయటివాళ్లకి అర్థమై, మందు అని రాసిన చిన్న సీసాలో ద్రాక్షారసం, టార్చ్ లైట్‌లో దాచి అప్పాలు పంపారు. అరచేతిలో మూడు చుక్కల ద్రాక్షారసం, ఒక చుక్క నీరు వేసుకుని రోజూ పూజ చేసుకునేవారు, క్యాంపులో ఉన్నప్పుడు తోటి ఖైదీలు సిగరెట్ ప్యాకెట్ కాగితాల్లో చుట్టి సత్ప్రసాదాన్ని జేబుల్లో దాచుకునేవారు. పట్టుబడతామని తెలిసి కూడా ఎందుకు దాచుకున్నారో, ఉత్త గుర్తు అనుకుంటే నాకు అర్థం కాదు.

చివరగా మీరు అడిగింది, ఈసారి వెళ్తే నేనూ తీసుకోవచ్చా అని. ఇప్పుడు వద్దండి. చిన్నచూపుతో చెప్తున్నది కాదు. గురువుగారు "క్రీస్తు శరీరము" అంటారు, మీరు "ఆమెన్" అంటారు, ఆ ఆమెన్ అంటే పైన రాసిందంతా నిజమే, ఈ చర్చితో నేను ఒక్కటిగా ఉన్నాను అని అందరి ముందు చెప్పడం, మీరింకా అక్కడికి రాలేదు కదా. కాథలిక్కులు కూడా చావైన పాపం (చాలా తీవ్రమైన పాపం) చేస్తే ముందు పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయకుండా తీసుకోకూడదు, గంట ముందు నుంచి నీళ్లు, మందులు తప్ప ఏమీ తినకూడదు తాగకూడదు. మీరు కూర్చోండి, ప్రార్థన చేసుకోండి, చాలా చోట్ల చేతులు గుండె మీద పెట్టుకుని వరుసలో వెళ్తే గురువుగారు దీవిస్తారు, అక్కడ ఆ అలవాటు ఉందో లేదో ముందే మీ ఫ్రెండ్‌ని అడగండి. ఈలోపు యోహాను 6వ అధ్యాయం 22వ వచనం నుంచి చివరిదాకా ఒకే సిట్టింగ్‌లో చదవండి, మీ దగ్గరున్న బైబిలే చాలు, చదివాక ఎక్కడ ఒప్పుకోలేకపోయారో ఆ వచనం నంబర్ వేసి అడగండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.